వివాహానికి రుజువు: వలస తెలుగువారి పెళ్లిళ్లు, ప్రవేశ నిబంధనలు – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ఖాజాగూడ నుంచి నానక్‌రామ్‌గూడ వైపు వెళ్లే దారిలో పని రోజుల్లో ఉదయం పూటే ప్లాస్టిక్ ఫోల్డర్లు చేతపట్టిన కొత్త దంపతులు కనిపిస్తారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైన అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు తరలివచ్చింది. ఆ ఫోల్డరులో పాస్‌పోర్టులతో పాటు శుభలేఖ, మాంగల్యధారణ ఫొటోలు, వివాహ ధ్రువపత్రం ఉంటాయి. బంధుమిత్రులను పిలవడానికి అచ్చువేసుకున్న శుభలేఖ పరాయి ప్రభుత్వం ముందు సాక్ష్యపత్రమెలా అయింది? పెళ్లి కోసమో, పెళ్లయ్యాకనో దేశం దాటే స్త్రీని ప్రవేశ నిబంధనలు ఏ రుజువు అడిగాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాటాల్: తాళికి కాగితం

మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ రేవు చేరింది. 1911 వరకు ఒప్పంద కూలీలుగా నాటాల్ వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. వారిలో తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారూ ఉన్నారు. వీరి వివాహాలకు ఆధారం కుల పెద్దల సమక్షం, తాళి, విందు. కొన్ని కులాల్లో సప్తపది కూడా లేదు. పెళ్లికి ఊరే సాక్ష్యం. సముద్రం దాటాక ఆ సాక్షులను వెంట తీసుకుపోవడం సాధ్యం కాదు.

ఈ లోటు ఎంత ప్రమాదకరమో 1913లో బయటపడింది. భారతదేశంలో ఇస్లాం పద్ధతిలో వివాహమై, భర్తను చేరడానికి వచ్చిన బాయి మరియంకు ప్రవేశం నిరాకరించారు. భర్త కేప్ సుప్రీంకోర్టును ఆశ్రయించగా, మార్చి 14న న్యాయమూర్తి మాల్కం సెర్ల్ అతని అభ్యర్థనను తోసిపుచ్చారు. తీర్పు బహుభార్యాత్వాన్ని అనుమతించే వివాహవ్యవస్థ గురించి. ఆనాటి హిందూధర్మంలోనూ ఆ అనుమతి ఉన్నందువల్ల అదే తర్కం తెలుగు కూలీ భార్యకూ వర్తించే ప్రమాదం ఏర్పడింది. క్రైస్తవేతర వివాహాలన్నీ ఒక్క వేటుతో రద్దయ్యాయన్నది తరువాత ప్రచారంలోకి వచ్చిన వ్యాఖ్యానం. తీర్పు పరిధిని, దాని పర్యవసానాన్ని విడివిడిగా చూడడం అవసరమని నా అభిప్రాయం. పర్యవసానం మాత్రం తీవ్రమైనదే. గాంధీ ‘దక్షిణాఫ్రికా సత్యాగ్రహం’లో ఒక అధ్యాయాన్నే దీనికి కేటాయించారు. అదే ఏడాది సెప్టెంబరులో కస్తూర్బాతో సహా స్త్రీలు సత్యాగ్రహంలోకి దిగి జైలుకు వెళ్లారు.

1914 నాటి భారతీయుల ఉపశమన చట్టం ఏకపత్నీ వివాహాలను గుర్తించి, భారతీయ పురోహితులను వివాహాధికారులుగా నియమించే వీలు కల్పించింది. 1918 సామ్రాజ్య యుద్ధ సమావేశం మరో మెట్టు చేర్చింది: స్థిరపడిన భారతీయుడు ఒక్క భార్యనూ, ఆమె మైనరు పిల్లలనూ తెచ్చుకోవచ్చు, కాని ఆమె అతని చట్టబద్ధ భార్యేనని భారత ప్రభుత్వం ధ్రువీకరించాలి. ఊరు చెప్పే సాక్ష్యం సర్కారు చేతికి మారింది ఇక్కడే. 1953 నాటి సవరణ చట్టం భారతదేశం నుంచి భార్యలు వచ్చే ఆ దారిని కూడా దాదాపుగా మూసివేసింది.

కాగితం చాలని చోటు

నిబంధనలన్నీ ముందే చూసుకుని బయలుదేరినా సరిపోదని 1979 నాటి హీత్రూ ఘటన చెబుతుంది. మూడు నెలల్లోపు పెళ్లి చేసుకోబోయే వధువుకు ఆనాటి బ్రిటన్ నిబంధనల్లో వీసా అవసరం లేదు; భార్యకైతే ముందస్తు అనుమతి కావాలి. జనవరి 24న వరుణ్ణి వివాహమాడడానికి దిగిన 35 ఏళ్ల భారతీయ ఉపాధ్యాయిని ఇప్పటికే భార్య అయి ఉంటుందని అధికారులు అనుమానించి, ఆమెకు కన్యాత్వ పరీక్ష జరిపించారు. ఇది పత్రికల్లోకి ఎక్కాకే ఆ పద్ధతి ఆగింది. నాటాల్‌లో భార్యవని నిరూపించుకోమన్నారు. హీత్రూలో భార్యవు కావని నిరూపించుకోమన్నారు.

తలకిందులైన క్రమం

1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఆచారబద్ధమైన కర్మకాండతోనే వివాహం ఏర్పడుతుంది. సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పూర్తవుతుంది. 8వ సెక్షన్ చెప్పే నమోదు దానికి రుజువు మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం నమోదును తప్పనిసరి చేసింది. అయితే ఐటీ ఉద్యోగి సెలవు, విమాన టికెట్టు, వీసా అపాయింట్‌మెంటు ముహూర్తం దాకా ఆగవు. అందువల్ల ముందు నమోదు, తరువాత పెళ్లి అనే అలవాటు పుట్టింది. 2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు బి.వి. నాగరత్న, ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ఈ అలవాటునే తప్పుపట్టారు. వీసా దరఖాస్తు కోసం తల్లిదండ్రులే ముందస్తు నమోదుకు అంగీకరిస్తున్నారని గుర్తించి, కర్మకాండ జరగనిదే ధ్రువపత్రం ఇద్దరినీ భార్యాభర్తలను చేయదని తేల్చారు. 1913లో పెళ్లి ఉన్నా దాన్ని గుర్తించే చట్టం లేదు. ఇప్పుడు కాగితం ఉన్నా పెళ్లి లేదు. తరువాత సంబంధం చెడితే ఆ యువతి చట్టం దృష్టిలో ఎవరన్నది చిన్న ప్రశ్న కాదు.

అమెరికా నిబంధనలు దీన్ని మరింత చిక్కుముడి చేస్తాయి. 1970లో ఏర్పడిన కె-1 వీసా అమెరికా పౌరునికి కాబోయే భార్య లేదా భర్త కోసం. అక్కడికి వెళ్లిన 90 రోజుల్లో పెళ్లి కావాలి. ఆ లోపల పెళ్లి జరిగిపోయి ఉంటే అర్హత పోతుంది. హెచ్-1బి ఉద్యోగి జీవితభాగస్వామికిచ్చే హెచ్-4కు పెళ్లి జరిగి తీరాలి. దండలు మార్చుకున్న ఫొటో ఒకరికి సాక్ష్యం, మరొకరికి అడ్డంకి. కె-1 మార్గం ఎంచుకున్న ఇళ్లలో నిశ్చితార్థాన్ని కూడా ఆచితూచి జరుపుకోవలసి వస్తున్నది. 1986 నుంచి దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఇద్దరూ ముఖాముఖి కలిసి ఉండాలన్న షరతు కూడా ఉంది. ఆచారం ప్రకారం పెళ్లికి ముందు కలవకూడదనే వారికి మినహాయింపు కోరే వీలుంది.

హెచ్-4 కోసం తొందరపడే కుటుంబాలు మొదట గుడిలో నలుగురి మధ్య తాళి కట్టించి నమోదు చేయించుకుంటాయి. నెలల తరువాత ఫంక్షన్ హాలులో మళ్లీ ముహూర్తం పెట్టుకుంటాయి. మాంగల్యధారణ రెండుసార్లేమిటని ఇంటి పెద్దలు నొచ్చుకోవడం నేను విన్నాను. నమోదుకు శుభలేఖ అడుగుతారు గనుక అదీ రెండుసార్లు అచ్చవుతుంది: గుడి తేదీతో కొద్ది ప్రతులు కార్యాలయానికి, హాలు తేదీతో వందల ప్రతులు బంధువులకు. శుభలేఖలను సేకరించే పరిశోధకుల చేతికి సాధారణంగా రెండోదే చిక్కుతుంది.