టొరాంటోలో తెల్లవార్లూ కళల జాగారం: న్వీ బ్లాంష్

టొరాంటోకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు నయాగరా, సి.ఎన్. టవర్, థౌజండ్ ఐలండ్స్ చూసేశాక "ఇంకేముంది చూడ్డానికి?" అని అడుగుతుంటారు. అక్టోబరు మొదటి శనివారం దగ్గర్లో ఉంటే నేను చెప్పే జవాబు ఒకటే. ఆ రాత్రి నిద్ర మానుకుని డౌన్‌టౌన్‌కి వెళ్ళండి. సాయంత్రం ఏడు గంటల నుంచి మర్నాడు ఉదయం ఏడు దాకా వీధులు, పార్కులు, ఆఫీసు భవనాల వరండాలు, గుడులు, చర్చిలు అన్నీ కళా ప్రదర్శనశాలలైపోతాయి. టిక్కెట్టు లేదు. (కొన్నేళ్ళలో ఇది సెప్టెంబరు చివరి వారాల్లో వచ్చింది కాబట్టి తేదీ ముందుగా చూసుకోవాలి.)

"న్వీ బ్లాంష్" అంటే ఫ్రెంచిలో మాటకు మాట తెల్లని రాత్రి. ఫ్రెంచివాళ్ళ వాడుకలో మాత్రం నిద్రలేని రాత్రి అని అర్థం. మన జాగారం అన్నమాట! రాత్రంతా కూర్చుని తోలుబొమ్మలాటలూ భాగవతాలూ చూసిన జాతి మనది. ఈ ఆలోచన మనకు వింతగా తోచాల్సిన పని లేదు.

పేరు పారిస్ నుంచి వచ్చింది. అంతకు ముందే హెల్సింకీలో 1989 నుంచి కళల రాత్రి, నాంత్ నగరంలో 1990లలో రాత్రి ఉత్సవాలు, బెర్లిన్‌లో 1997 నుంచి మ్యూజియంల రాత్రి జరిగాయి. పారిస్ మేయర్ బెర్త్రాన్ దెలనోయె హయాంలో 2002 అక్టోబరు 5 రాత్రి మొదటి న్వీ బ్లాంష్ జరిగింది. ప్రజల కోసం సిటీ హాలు తలుపులు కూడా తెరిచారు. ఆ జనంలోనే ఒకడు వచ్చి మేయర్‌ను కత్తితో పొడిచాడు. గాయపడిన ఆయన ఉత్సవం ఆపవద్దనే చెప్పారట. ఆయన కోలుకున్నారు, పండుగ కూడా నిలిచింది. మరుసటి ఏడాది రోమ్ వంతు. 2003 సెప్టెంబరు 27 రాత్రి రోమ్ నగరం తన మొదటి తెల్లని రాత్రి జరుపుకుంటుండగా తెల్లవారుజామున ఇటలీ అంతటా కరెంటు పోయింది! జనం వానలో, చీకట్లో చిక్కుకుపోయారు. రాత్రంతా నగరాన్ని తెరిచి ఉంచడం ఎంత ధైర్యంతో కూడిన పనో ఈ రెండు సంఘటనలూ చెబుతాయి. పారిస్ వారు 2023లో తమ పండుగను జూన్‌కు మార్చుకున్నారు.

టొరాంటోలో మొదటిసారి 2006 సెప్టెంబరు 30న జరిగింది. నగరపాలక సంస్థ అంచనా ప్రకారం ఆ రాత్రి వచ్చినవారు సుమారు 4,25,000 మంది. ఆ ఏడు అందరూ చెప్పుకున్నది జపాన్ కళాకారిణి ఫుజికో నకాయా గారి పొగమంచు. రాయల్ ఒంటారియో మ్యూజియం పక్కన ఫిలాసఫర్స్ వాక్ అనే పల్లపు దారి ఉంది. దాని నిండా సన్నని నీటి తుంపరలతో మంచు సృష్టించారు. ముందు నడిచేవాడి వీపు కనబడదు, మాటలు మాత్రం వినబడతాయి. ఈవిడ తండ్రి ఉకిచిరో నకాయా ప్రయోగశాలలో మొదటిసారి కృత్రిమంగా మంచు స్ఫటికాలు తయారు చేసిన శాస్త్రవేత్త. తండ్రిది మంచు స్ఫటికం, కూతురిది పొగమంచు. ఇంజనీర్లు ఎక్కువగా ఉన్న మన సంఘానికి ఈ సంగతి నచ్చుతుందని రాస్తున్నాను.

2013లో సిటీ హాలు ముందున్న నేథన్ ఫిలిప్స్ స్క్వేర్‌లో ఐ వైవై 3,144 సైకిళ్ళను ఒకదానిమీద ఒకటి పేర్చి నిలబెట్టారు. "ఫరెవర్" అనేది చైనాలో ఇంటింటికీ తెలిసిన సైకిలు కంపెనీ పేరు. మన అట్లాస్, హీరో లాగా. అప్పటికి చైనా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాగేసుకుంది. సైకిళ్ళు సముద్రం దాటాయి గానీ, చేసినవాడు దాటలేకపోయాడు. వీసా స్టాంపింగు కోసం తిప్పలు పడిన మనలాంటివాళ్ళకు ఇది మరీ వివరించనక్కర్లేదు.

సంగీతం కోసం వెళ్ళేవారు కచేరీలు ఆశించకూడదు. ఇక్కడ సంగీతం చాలాసార్లు ఒక ప్రదేశంలో కలిసిపోయి ఉంటుంది. 2010లో డానియెల్ లాన్వా అదే స్క్వేర్‌ను పెద్ద శబ్దశాలగా మార్చిన రాత్రి అలాంటిదే.

అన్నీ గొప్పగా ఉంటాయని చెప్పను. ఒకసారి గంటన్నర వరుసలో నిలబడి లోపలికెళ్తే మూడు నిమిషాల వీడియో చూపించి పంపారు. పైగా మొదటి పదేళ్ళూ ఒక బ్యాంకు పేరు పండుగ పేరుకు ముందుండేది. 2015 తర్వాత ఆ బ్యాంకు తప్పుకుంది, నగరం తన భుజాన వేసుకుని నడుపుతోంది. వచ్చిన మంచి మార్పు ఏమిటంటే 2018లో స్కార్‌బరోకు, 2022లో నార్త్ యార్క్, ఇటోబికోకులకూ ప్రదర్శనలు విస్తరించాయి. దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటలకు కళ నడిచి వచ్చింది. కొవిడ్ వల్ల 2020, 2021లలో వీధుల్లో ఉత్సవం లేదు.

ఇక వెళ్ళే సంగతి. పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అయితే ఏడింటికే వెళ్ళి తొమ్మిదిన్నరకు తిరిగి రండి. పది నుంచి ఒంటిగంట దాకా యూనివర్సిటీ కుర్రాళ్ళ రద్దీ, తాగినవాళ్ళ కేకలు ఉంటాయి. అప్పుడు స్ట్రోలర్ తోయడం కష్టం. నా సలహా వినేవారైతే సాయంత్రం ఇంట్లో పడుకుని మూడింటికి బయల్దేరండి. వరుసలు ఉండవు, కళాకారులు స్వయంగా నిలబడి మాట్లాడే తీరిక దొరుకుతుంది. ఆ వేళకు చలి పది డిగ్రీల లోపుకు పడవచ్చు. జాకెట్టు, నడవడానికి అనువైన బూట్లు, ఫ్లాస్కులో టీ మరవొద్దు. కారు మాత్రం వద్దు, వీధులు మూసేస్తారు. సబ్‌వే చాలా ఏళ్ళు కొంత మేర తెల్లవార్లూ నడిచింది. ఆ ఏడాది ఏర్పాటు ఏమిటో టి.టి.సి. ప్రకటన చూసుకోండి, ఎందుకంటే ఆదివారం ఉదయం రైళ్ళు మామూలుగా ఎనిమిది ప్రాంతాల గానీ మొదలవ్వవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2022లోనూ 2024లోనూ ఈ రాత్రి సరిగ్గా నవరాత్రుల్లో వచ్చింది. బతుకమ్మ ఆడి, పట్టుచీరల మీదే కోటు వేసుకుని సబ్‌వే ఎక్కేస్తే సరి. ఆ రాత్రి ఎవరూ వింతగా చూడరు, అదీ ఒక ప్రదర్శనే అనుకుంటారు.