పోరుమామిళ్ల చెరువు శాసనము

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును గూర్చిన శిలాశాసనము ఆంధ్రులెల్లరు చదువదగినది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో దీనిని వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టిన పని యది.

దాతను పొగడుటతో సరిపుచ్చక, ఈ శాసనము చెరువునకు వలయు పండ్రెండు అంగములను, కూడని యారు దోషములను చెప్పుచున్నది. కట్ట యూరుట, చవిటినేల, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై ఆయకట్టు హెచ్చగుట, నీరు హెచ్చై సాగునేల కొంచెమగుట—ఇవి యైదు. ఆరవది రెండు రాజ్యముల సరిహద్దున నుండుట! ఢిల్లీలో నదీజలముల ఫైళ్లు త్రిప్పిన మన సభ్యులకు దీని యర్థము విప్పి చెప్ప నక్కరలేదు.

కట్టుట కంటె కాచుట కష్టము. వానలు నమ్మరాని రాయలసీమలో ఒక్క గండితో ఏటి పంట పోవును. అందుచే చెరువు బాగుచేయువారికి దశబంధ మాన్యము లిచ్చిరి. నీరుగంటి మడిమడికి నీరు పంచెను. మరమ్మతులకు ఊరు ఊరంతయు కదలెడిది. ఈ కుడిమరామతును మద్రాసు ప్రభుత్వము 1858లో నిర్బంధ శ్రమ చట్టమున చేర్చి, రానివారినుండి సొమ్ము రాబట్టజూచెను. ఊరి పని సర్కారు పని యైనచో మనసెట్లు నిలుచును?

1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు వెలసినవి. తెలంగాణమున 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికమట్టిని రైతులే తమ పొలములకు తోలుకొనిరి.

భాస్కరుని చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది.