బస్సు చార్జీ, ఇంటి కిరాయి, మధ్యలో మేము

ఊరి చివర కొలువు దొరికిన ఏ మనిషైనా ఒక లెక్క వేసుకుంటాడు. రోజూ పోయి రావడమా, అక్కడే ఇల్లు తీసుకోవడమా అని. ఒక పక్క బస్సు చార్జీ, దారిలో పోయే పొద్దు. ఇంకో పక్క ఇంటి కిరాయి, పిల్లల బడి. ఏది గిట్టుబాటైతే అటు మొగ్గుతాడు. హైదరాబాద్ పాతబస్తీలో పుట్టిన మాకు ఈ లెక్కలో ఇంకో వరస ఉంది. అది మేం రాసుకున్నది కాదు, చరిత్ర రాసిపెట్టింది. ‘పాతబస్తీ వాళ్లు చార్మినార్ నీడ వదిలి రారండీ, గుంపుగా బతకడమే వాళ్లకిష్టం’ అని తేల్చేసేవాళ్లకు ఆ వరస కనిపించదు. అది చూపెట్టడానికే ఈ నాలుగు మాటలు.

మొదట్లో మాకు దూరమే లేదు. 1578లో కట్టిన పురానాపూల్ గోల్కొండను మూసీ అవతలి ఒడ్డుతో కలిపింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ చుట్టూ కొత్త నగరం వేశాడు. అక్కడ కింద దుకాణం, పైన సంసారం. ఆసఫ్‌జాహీల కాలానికి దేవిడీ చుట్టూ బస్తీ వెలిసింది. గుమాస్తా, వంటవాడు, పహరావాడు, దర్జీ, గుర్రాల సాయీసు, అందరి ఇళ్లూ దేవిడీ గోడ వెనకే. అది స్వర్గమని మేం అనడం లేదు. గోడ లోపలున్నవాడు నవాబు, గోడ వెనకున్నవాడు నౌకరు. ఇద్దరిదీ ఒకటే మజహబ్ కదా అని మమ్మల్ని నవాబుల ఖాతాలో రాసేవాళ్లు ఈ గోడ సంగతి మరిచిపోతారు. నౌకరుకి జీతం తక్కువే. నడక కూడా తక్కువే. అంతవరకే మా సుఖం.

పని నది దాటడం నిజాం కాలంలోనే మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఉత్తరపు ఒడ్డు పెరిగింది. ముషీరాబాద్ పక్కన ఆజమాబాద్‌లో కార్ఖానాలు లేచాయి. చార్మినార్ సిగరెట్లు చేసిన వజీర్ సుల్తాన్ కంపెనీ అటువైపుదే. 1942లో ఆల్విన్ కంపెనీ పుట్టింది. సనత్‌నగర్ పేరు దానితోనే జనం నోట నిలిచింది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది పనివాళ్లతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. మా తాతల్లో కొందరు టిఫిన్ డబ్బా పట్టుకొని రోజూ నయాపూల్ దాటింది ఆ కాలంలోనే. అయినా సర్కారీ దఫ్తరు, ఫౌజు, పోలీసు, సర్ఫెఖాస్, ఈ కొలువుల మీదే బస్తీ బతికింది.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా అయిదు రోజులు. సర్కారు దాన్ని పోలీసు చర్య అన్నది. ఆ తర్వాత దఫ్తర్ల భాష మారింది. ఉర్దూలో చదివి ఉర్దూలో ఫైళ్లు రాసిన గుమాస్తా రాత్రికి రాత్రి చదువురానివాడితో సమానమయ్యాడు. ఫౌజు పోయింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు న్యాయమే. దున్నేవాడి మెడ మీది కాడి దిగాల్సిందే. కానీ జాగీర్దారుకు పరిహారం దొరికింది, దేవిడీ గోడ వెనక నౌకరుకు ఏమి దొరికింది? అదే సమయంలో ఉస్మానాబాద్, బీదర్, నాందేడ్ జిల్లాల నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చినవాళ్లు పాతబస్తీలోనే తలదాచుకున్నారు. ఇళ్లు అవే, జనం ఎక్కువ. పని పోయింది, జనం పెరిగారు. మీరు ఇవాళ చూసే ఇరుకు అప్పుడు మొదలైంది.

కొత్త పని ఎక్కడ పుట్టింది? 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ వైపు ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఇంకో దిక్కున 1967లో ఈసీఐఎల్. తర్వాత పటాన్‌చెరు. అన్నీ నగరానికి ఉత్తరాన, పడమరన. భూమి అక్కడ చవక, రైలు పట్టాలు దగ్గర. ఎవరో మామీద కక్షగట్టి అటు పెట్టారని మేం అనం. కానీ చార్మినార్ నుంచి రామచంద్రాపురం దాదాపు 30 కిలోమీటర్లు. పోను గంటన్నర, రాను గంటన్నర. నెలకు 25 రోజుల పనంటే 75 గంటలు. ఏడాదికి 900 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టుల్లో చెబితే 112 షిఫ్టులు. జీతం లేని షిఫ్టులు. రమ్‌జాన్‌లో రుమాల్లో కట్టుకున్న ఖర్జూరంతో లక్డీకాపూల్ దగ్గర బస్సులోనే రోజా విప్పిన మనుషులు మా ఇళ్లలో ఉన్నారు. నిద్రలో ఉన్న పిల్లల్ని చూసి పోయి, నిద్రలో ఉన్న పిల్లల దగ్గరికే తిరిగొచ్చిన తండ్రులున్నారు.

మరి దగ్గరుంటే చాలా? కంచన్‌బాగ్ చూడండి. 1970లో బీడీఎల్, 1973లో మిధానీ, వాటి సరసన రక్షణ ప్రయోగశాలలు. సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట నుంచి సైకిలు మీద పోయేంత దూరం. కానీ గేటు దగ్గరున్నంత మాత్రాన గేటు తెరుచుకోదు. ఐటీఐ సర్టిఫికెట్టు కావాలి, డిప్లొమా కావాలి, ఇంగ్లీషు కావాలి. మాకు బడి దూరం, అందుకే ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీ కూడా దూరం. ఇంకా దగ్గరి పని కావాలంటే మా ఆడవాళ్లను అడగండి. లాడ్‌బజార్ లక్క గాజులకు రాళ్లు అతకడం, జర్దోజీ పని, అగరుబత్తీలు చుట్టడం. గడప దాటనక్కర్లేదు. పనికీ ఇంటికీ మధ్య దూరం సున్నా. కూలీ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కాబట్టి ‘పని దగ్గరే కాపురం’ అన్నమాటను మేం కళ్లు మూసుకొని మెచ్చుకోలేం.

ఇక ఆ అదనపు వరస. 1978లో రమీజాబీ ఘటన తర్వాత అల్లర్లు. 1980లలో మళ్లీ మళ్లీ. 1990 డిసెంబరులో అన్నిటికంటే ఘోరం. పాతబస్తీలో కర్ఫ్యూ అంటే రోజు కూలీకి పస్తు, ఫ్యాక్టరీ మనిషికి గైరుహాజరు. షిఫ్టు దిగి వస్తున్నవాడికి ఇంటి దారి మూసుకుపోయేది. అటువంటప్పుడు ‘ఫ్యాక్టరీ దగ్గర కాపురం పెడితే పోలా’ అని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ వెంటనే ఇంకో ప్రశ్న వచ్చి కూచునేది. కర్ఫ్యూ ఎత్తేసేదాకా పక్కింటివాడు ఎవడై ఉండాలి? బస్తీలో ఆకలితో ఉన్నా అమ్మీ, ఖాలా, పక్కింటి చాచా ఉన్నారు. కొత్త కాలనీలో గోడమీద మన పేరొక్కటే ఉంటుంది.

ఆ ధైర్యం చేసినవాళ్లకు ఏమైంది? కంపెనీ క్వార్టర్ దొరికినవాళ్లు బతికిపోయారు. క్వార్టర్ ఇచ్చేది కంపెనీ, చూసేది సీనియారిటీ. టౌన్‌షిప్పుల్లో మా పిల్లలు తెలుగు పిల్లలతో గోలీలాడి రెండు భాషల్లో పెరిగారు. బయట కిరాయికి వెతికినవాళ్ల సంగతి వేరు. ‘టులెట్’ బోర్డు వేలాడుతుంటుంది. పేరు చెప్పగానే ‘మొన్ననే అడ్వాన్సు ఇచ్చిపోయారు బాబూ’ అంటారు. కొందరు మర్యాదగా ‘మేం నీచు తినం’ అంటారు. దళిత సోదరులకు ఎదురయ్యే కులం ప్రశ్నకు ఇది చుట్టమే. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక కూడా అభద్రత వల్ల ముస్లింలు ఒకచోట పోగుపడటాన్నీ, ఇల్లు కొనడానికైనా కిరాయికైనా పడే పాట్లనూ రాసింది. మాకది కొత్త వార్త కాదు. సర్కారు కాగితం మీదికి ఎక్కడమే కొత్త.

ఇల్లు కదలకపోతే పనే కదిలిపోతుంది. సైఫాబాద్ టంకశాల పని 1997లో చెర్లపల్లికి పోయింది. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. నగరం బరువంతా పడమరకు ఒరిగింది. ఆ పడమరలోనే మణికొండ జాగీరు. అక్కడ హుసేన్‌సాగర్ కట్టించిన హజ్రత్ హుసేన్‌షా వలీ దర్గా ఉంది. 1654 ఎకరాలు ఆ దర్గావని వక్ఫ్ బోర్డు కోర్టుల్లో కొట్లాడింది. భూమి రాష్ట్ర ప్రభుత్వానిదని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు తీర్పే. అయినా ఒక వలీ పేరున్న నేల మీద లేచిన మేడల్లో ఊడ్చే పనికీ, కాపలా పనికీ, ఈ మధ్య కంప్యూటర్ పనికీ మా పిల్లలు రెండు బస్సులు మారి పోతున్నప్పుడు మనసు చివుక్కుమంటుంది.

దారి దగ్గర చేయడానికి సర్కార్లు ఏమీ చేయలేదని అనం. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైలు మొదలై తర్వాత ఫలక్‌నుమా దాకా వచ్చింది. కానీ రైలుకూ రైలుకూ మధ్య ఎదురుచూపు పొడుగు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2020 ఫిబ్రవరి 7న మూసీ దగ్గర ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. ఫలక్‌నుమా దాకా మిగిలిన అయిదున్నర కిలోమీటర్లకు శంకుస్థాపన 2024 మార్చి 8న గానీ కాలేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మా ఆడపిల్లలకు చార్జీ భారం తగ్గింది, పొద్దు భారం తగ్గలేదు.

ఈ రెండింటి మధ్య మావాళ్లు ఒక నడిమి మజిలీ వెతుక్కున్నారు. గల్ఫ్ పైసా, కర్ఫ్యూల భయం కలిసి మెహిదీపట్నం, టోలీచౌకీలను పెంచాయి. అక్కణ్నుంచి కొత్త కొలువులు దగ్గర. మసీదుంది, ఖబరస్తానుంది, కిరాయికిచ్చేవాడు పేరడగడు. పురానాపూల్ మీదుగా గోల్కొండ నుంచి వచ్చిన నగరం నాలుగు వందల ఏళ్ల తర్వాత మళ్లీ గోల్కొండ దిక్కుకే మళ్లింది. అయితే పోగలిగింది చదువూ పైసా ఉన్నవాళ్లే. వాళ్లతోపాటు డాక్టరు పోయాడు, లెక్కలు చెప్పే మాస్టరు పోయాడు. బస్తీలో మిగిలినవాళ్లకు దూరం ఇంకాస్త పెరిగింది. ఇది కూడా మేమే చెప్పుకోవాలి, వేరేవాళ్లు చెప్పరు.

మరి పోయి రావడమా, అక్కడే ఉండటమా? ఒక్కో ఇంటికి ఒక్కో జవాబు. ముసలి అమ్మీ ఉన్న ఇంటికి బస్తీయే మేలు, చదివే ఆడపిల్ల ఉన్న ఇంటికి కొలువు దగ్గరి ఇల్లే మేలు కావచ్చు. ఏది ఎంచుకున్నా అది చార్జీ, కిరాయి, పొద్దు చూసుకొని ఎంచుకున్నది కావాలి. పేరు చెప్పగానే మూసుకునే తలుపు, రాత్రికి రాత్రి మూసుకునే దారి ఆ లెక్కలో ఉండకూడదు. ఆ వరస కొట్టేసి చూడండి. మాలో ఎవరు చార్మినార్ దగ్గర ఉండిపోతారో, ఎవరు పటాన్‌చెరులో మీ పక్కింట్లో దిగుతారో అప్పుడు తెలుస్తుంది. అప్పటిదాకా దీన్ని మా ఇష్టం అనకండి.