చూరు కింది వెలుగు: కరీంనగర్, ఆదిలాబాద్ ఇంటి కార్ఖానాల దీపాల చరిత్ర

ఉత్తర తెలంగాణలో చేతిపని చాలావరకు ఇంటి కప్పు కిందే సాగింది. కరీంనగర్ వెండి తీగ పని, నిర్మల్ కొయ్యబొమ్మ, సిరిసిల్ల మగ్గం తరతరాలుగా కుటుంబం ఉండే ఇంట్లోనే ఒక అర్రలోనో అరుగు మీదనో బతికాయి. ఆ ఇళ్ల కప్పులు ఎత్తు తక్కువ. గూన పెంకుల కప్పు నడుమ లేచి, గోడల దగ్గరికి వచ్చేసరికి వంగి, చూరు దగ్గర మనిషి తలకు తగిలేంత కిందికి దిగుతుంది. అలాంటి గదిలో ఏ దీపం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది ఈ పల్లెలకూ పట్టణాలకూ పాత ప్రశ్న. పొద్దు నుంచి ఎల్ఈడీ వరకు ఆ ప్రశ్నకు దొరికిన జవాబులే ఈ ప్రాంతపు ఇంటి కార్ఖానాల చరిత్రలో ఒక ముఖ్యమైన పాయ.

తొలి దీపం పొద్దే. పనివాళ్లు ముందుగా వెలుతురు చూసుకుని, ఆ తర్వాతే కూర్చునే చోటు ఎంచుకునేవారు. గుంట మగ్గం నేసే మనిషి కాళ్లు గుంతలో ఉంటాయి, బట్ట దాదాపు నేలకు సమంగా ఉంటుంది. అందుకే మగ్గానికి ఒక పక్క కిటికీ ఉండేలా చూసుకున్నారు. పడుగు పోగు తెగితే వెతికి ముడివేయడానికి పక్క నుంచి వాలుగా పడే వెలుతురే అనువు. నడినెత్తి నుంచి పడే వెలుగులో పోగులన్నీ ఒక్కటిగా కలిసిపోతాయి; వాలు వెలుగులో ఒక్కో పోగుకూ సన్నని నీడ పడి విడివిడిగా కనబడతాయి. కప్పులో వదిలిన గవాచి, పెంకుల నడుమ పెట్టిన అద్దపు పెంకు ఇంటి లోపలి భాగానికి వెలుతురు దింపేవి. ఉట్నూరు, జైనూరు వైపు ఇత్తడి పోతపోసే ఓజులు మైనపు తీగను అచ్చు చుట్టూ చుట్టే సన్నని పనిని వాకిట్లోనే చేసుకునేవారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పోత పని, ఆదిలాబాద్ డోక్రా కళ, అలా ఆరుబయట పెరిగినదే.

పొద్దు గూకాక మిగిలింది ఆముదపు దీపం. నిజాం రాజ్యంలో ఆముదం విరివిగా పండే పంట. గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి పైకి తేలిన నూనె తీయడం ఇంటి ఆడవాళ్ల పని. ఆ నూనెతో వెలిగే ప్రమిద గోడలోని దీపపు గూట్లో ఉండేది. చిన్న వత్తి దీపం వెలుగు రమారమి ఒక కొవ్వొత్తి వెలుగంత. కొవ్వొత్తి వెలుగు అడుగు దూరంలో దాదాపు 10 లక్స్, రెండడుగుల దూరంలో రెండున్నర, మూడడుగులకు ఒకటికి కొంచెం పైన. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ లెక్క ఎవరూ చదవకపోయినా పనిచేసే వాళ్ల అలవాటులో ఉంది: గూట్లో దీపం ఇంటికి, మోకాలి దగ్గర దీపం పనికి.

కరీంనగర్ వెండి పనిలో దీపానికి మరో బాధ్యత కూడా ఉండేది. 1905లో ఎలగందుల నుంచి జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. ఆ పట్టణంలో కుదురుకున్న ఈ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వెండిని మూసలో కరిగించి, కడ్డీగా పోసి, కమ్మచ్చు రంధ్రాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగితే తీగ వెంట్రుకలా సన్నబడుతుంది. రెండు తీగలు పురిపెట్టి, అదిమి, చుట్టలు చుట్టి, కాస్త మందమైన తీగతో చేసిన చట్రంలో ఒదిగిస్తారు. తర్వాత వెలిగారం అద్ది టంకం పొడి చల్లి, దీపపు మంటను ఊదుగొట్టంతో ఆ అతుకు మీదికి వంచుతారు. ఒక్క క్షణం ఎక్కువైతే టంకంతో పాటు తీగ కూడా కరిగిపోతుంది. అక్కడ దీపం వెలుగూ ఇవ్వాలి, పనిముట్టుగానూ ఉండాలి. అందుకే అది నేల మీద, కూర్చున్న మనిషి ఛాతీకి దిగువన ఉండేది. పైకప్పు ఎంత ఎత్తన్నది ఆ పనికి పట్టింపు కాదు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మట్టినూనె దేశమంతటా వ్యాపించింది. తెలంగాణ దాన్ని గ్యాసు నూనె అని పిలుచుకుంది. ఖాళీ సీసాకు రేకు మూత బిగించి వత్తి దూర్చిన బుడ్డి పేద ఇంటి దీపమైంది. గాజు చిమ్నీ ఉన్న కందీలు కాస్త కలిగిన ఇంటిది. చిమ్నీ గాలిని ఆపి మంటను నిలకడగా ఉంచడంతో మగ్గం పక్కన కందీలు వేలాడదీసి పొద్దుపోయాక కూడా కండెలు చుట్టారు, నేత నేశారు. అయితే బుడ్డి పొగ దూలాలను, వాసాలను నల్లగా చేసింది. మసి పట్టిన కప్పు వెలుగును తిప్పి పంపదు, మింగేస్తుంది. దసరాకు ముందు గోడలకు సున్నం వేసే ఆచారం పండుగ శుభ్రతకే కాక ఆ గదుల వెలుతురుకూ మేలు చేసింది. తాజా సున్నపు గోడ తనమీద పడ్డ వెలుగులో దాదాపు ముప్పాతిక వంతును గదిలోకి తిప్పి పంపుతుంది. 1910 ప్రాంతంలో జర్మనీలో రూపొందిన పెట్రోమాక్స్ పెళ్లిళ్లకు, జాతరలకు, దుకాణాలకు వచ్చింది కానీ ఇంటి కార్ఖానాలో నిలవలేదు. దాని వేడి, బుసబుస, కళ్లు చెదిరే తెలుపు ఎత్తు తక్కువ అర్రకు సరిపడలేదు.

నిర్మల్‌లో కథ రంగు చుట్టూ తిరిగింది. పొనికి కొయ్యను చెక్కి, చింతగింజల జిగురుతో ముక్కలు అతికి, సుద్ద పూసి, దాని మీద రంగు వేస్తారు. చెక్కడం సందె వెలుగులోనైనా సాగుతుంది, రంగు సాగదు. మంట వెలుగులో పసుపు, తెలుపు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, నీలం మసకబారుతుంది. పండు బొమ్మకు పండు రంగే రావాలి కాబట్టి ఆ పని పగటికి మిగిలింది. తర్వాత వచ్చిన డ్యూకో రంగులు మండే స్వభావం ఉన్నవి. మంట దీపం పక్కన వాటితో పని ప్రమాదం కూడా. 1955లో ఏర్పడ్డ బొమ్మల పారిశ్రామిక సహకార సంఘం బొమ్మలు చేసే నకాషీ కుటుంబాలను ఒక చోటికి చేర్చాక పని పెద్ద గదుల్లోకి వచ్చింది. అయినా కుంచె పట్టేవాళ్లు కిటికీ పక్క చోటునే కోరుకున్నారు.

కరెంటు ఈ ప్రాంతానికి ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లోనే థర్మల్ కేంద్రం మొదలైంది. గోదావరి తీరపు పల్లెలు మాత్రం ఇంకా దశాబ్దాల పాటు గ్యాసు నూనె మీదే ఆధారపడ్డాయి. దేశానికి బొగ్గు ఇచ్చిన నేల తన ఇళ్లలో బుడ్డి వెలిగించుకుంది. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల యూనిట్, 1983లో అక్కడే ఎన్టీపీసీ తొలి యూనిట్ పనిచేయడం మొదలుపెట్టాయి. ఇంటింటికీ తీగ లాగడంలో సిరిసిల్లది ప్రత్యేకమైన చరిత్ర. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక దేశంలో తొలి విడతగా వెలసిన విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్ల సంఘం ఒకటి. 1970లో మొదలైన ఆ సంస్థను జనం సెస్ అని పిలుస్తారు. వాడుకునేవారే సభ్యులుగా ఉన్న ఆ సంఘం తెచ్చిన కరెంటు దీపంతో ఆగకుండా సాంచాలను, అంటే మరమగ్గాలను కూడా నడిపింది.

మొదట వచ్చింది పసుపు బల్బు. 40 వాట్ల బల్బు సుమారు 400 ల్యూమెన్ల వెలుగిస్తుంది, అంటే ముప్పై కొవ్వొత్తులకు పైన. అంత వెలుగు ఒక్కసారిగా వచ్చేసరికి దీపం పనివాడి మోకాలిని వదిలి దూలానికి ఎక్కింది. గది నడుమ తీగకు వేలాడే ఒక్క బల్బు ఇంటికంతటికీ ఉమ్మడి దీపమైంది. మార్పు గొప్పదే, దానితో ఒక నష్టం కూడా వచ్చింది. గోడవైపు తిరిగి కూర్చున్న పనివాడి వీపు వెనక దీపం ఉంటే తల నీడ పని మీదే పడుతుంది. నూనె దీపం కాలంలో లేని ఇబ్బంది ఇది.

1938లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ట్యూబులైటు ఇక్కడి ఇళ్లలో 1970ల తర్వాత స్థిరపడింది. నాలుగడుగుల 40 వాట్ల ట్యూబు అదే కరెంటుతో బల్బుకు ఆరు రెట్ల వెలుగిస్తుంది. పొడవైన దీపం కావడంతో నీడ గట్టిగా పడదు, అంచులు మెత్తబడతాయి. ఎత్తు తక్కువ గదికి ఇది నిజంగా తగిన దీపం: గోడకు ఆనుకుని ఉంటుంది, తలకు తగలదు, వేడి తక్కువ. చిక్కులు వేరేచోట వచ్చాయి. వోల్టేజీ పడిపోయిన సాయంత్రాల్లో స్టార్టరు టకటకమనేది తప్ప ట్యూబు వెలిగేది కాదు. మామూలు ట్యూబుల కింద ఎరుపు జీవం తప్పి కనిపించేది, అందుకే నిర్మల్ కుంచెకు అది చేరువ కాలేదు.

కప్పు నిజంగా తక్కువైంది మనిషి లేచి నిలబడినప్పుడు. మగ్గం గుంటలోనో, దాగలి ముందు నేలమీదనో కూర్చున్న మనిషికి ఎనిమిదడుగుల కప్పు చాలా ఎత్తు. భీవండి, షోలాపూర్ మిల్లుల్లో పనిచేసిన సిరిసిల్ల నేతకారులు సాంచాలు తెచ్చి ఇళ్ల పక్కన రేకుల షెడ్లలో బిగించాక, సాంచాలు నడిపించే ఆసామీలు, కార్మికులు నిలబడి పనిచేయాల్సి వచ్చింది. వడ్రంగి షెడ్డుకు రంపపు మిషను, లేత్ షెడ్డుకు మోటారు వచ్చినప్పుడూ ఇదే జరిగింది. నేలమీది పని అడుగు ఎత్తులో ఉంటే ఎనిమిదడుగుల కప్పు దీపం దానికి ఏడడుగుల పైన ఉంటుంది. మూడడుగుల బల్ల మీది పనికి అయిదడుగులే మిగులుతాయి. దీపాల మధ్య దూరం ఈ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు మించకూడదన్నది వెలుతురు ఇంజనీర్ల స్థూల సూత్రం. ఆ లెక్కన నేలమీద కూర్చున్నవారికి దాదాపు పదడుగులకొక దీపం చాలు, నిలబడ్డవారికి ఏడున్నర అడుగులకొకటి కావాలి. కప్పు దిగినకొద్దీ ఒక పెద్ద దీపం కన్నా నాలుగు చిన్న దీపాలు మేలు.

సాంచాల షెడ్డు మరో పాఠం నేర్పింది. చోక్ మీద నడిచే ట్యూబు సెకనుకు నూరుసార్లు మసకబారి వెలుగుతుంది. కంటికి అది తెలియదు, కానీ ఆ వెలుగులో గిర్రున తిరిగే చక్రం ఒక్కోసారి మెల్లగా తిరుగుతున్నట్టో, ఆగినట్టో కనిపిస్తుంది. రంపం, లేత్ దగ్గర ఆ భ్రమ వేలి మీదికి తెస్తుంది. పక్కపక్క ట్యూబులను వేర్వేరు ఫేజుల మీద కలపడం దానికి పాత విరుగుడు. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ చోక్ సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా వెలిగించి ఆ చిక్కు తీర్చింది. ట్యూబు మీద పేరుకునే దూది నలుసు మరో శత్రువు. తుడవని ట్యూబు ఉన్న వెలుగునూ మింగుతుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్ పనిచోట తగినంత వెలుతురు ఉండాలని, కన్ను చెదిరే కాంతీ కంటికి శ్రమ కలిగించే నీడలూ ఉండరాదని చెప్పింది. అయితే ఆ చట్టం కరెంటు వాడే చోట పది మంది, వాడని చోట ఇరవై మంది పనివాళ్లు ఉంటేనే వర్తించేలా రాశారు. ఇంటి కార్ఖానా ఆ గీతకు అవతలే మిగిలింది. ఇక్కడ వెలుతురును ఎవరూ తనిఖీ చేయలేదు. కన్ను మసకబారే దాకా పనివాళ్లే సర్దుకున్నారు.

ఎల్ఈడీ ఈ కథను మలుపు తిప్పింది. నీలి ఎల్ఈడీని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం 9 వాట్ల బల్బును సామాన్యుడి ఇంటికి చేర్చింది. 20 వాట్ల ఎల్ఈడీ పట్టీ ట్యూబు చేసే పని దాదాపు చేస్తుంది, వెలుగును కప్పు వైపు వృథా చేయకుండా కిందికే పంపుతుంది. ఎత్తు తక్కువ కప్పుకు ఈ గుణం కలిసివస్తుంది. కాకపోతే ముఖం మీదికి దగ్గరగా ఉండే చుక్కల కాంతి కన్నును పొడుస్తుంది కాబట్టి పాల రంగు మూత ఉన్నదే ఎంచుకోవాలి. మెరిసే వెండి మీద ఇది మరీ అవసరం. లేదంటే ప్రతి తీగ మీదా ఒక్కో చుక్క మెరిసి అతుకు కనబడదు. రంగు పనికి, రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే కొలత సీఆర్‌ఐ 90 పైన ఉన్న దీపం తీసుకుంటే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. చవక రకాలు ఎల్ఈడీలోనూ మిణుకుతాయి, కాబట్టి తిరిగే మిషను పైన, కరెంటును నిలకడగా అందించే మంచి డ్రైవరు ఉన్నదే బిగించాలి. కొయ్యపొట్టు, దూది ఎగిరే చోట మూసి ఉన్న దీపం మేలు.

వీటన్నిటితో పాటు వంగే మెడ ఉన్న చిన్న దీపం ఒకటి పనివాడి ఎడమ పక్కకు వచ్చింది. ఎడమచేతివాటం వారికైతే కుడి పక్కకు. ఆముదపు ప్రమిద ఉన్న చోటుకే, మోకాలి దగ్గరికే వెలుగు తిరిగి చేరింది. గదికి పైన పరుచుకున్న మెత్తని వెలుగు, చేతికి పక్కనుంచి దగ్గరి వెలుగు అన్నదే ఈ వందేళ్ల అనుభవం తేల్చిన తీర్పు. ఇంట్లో పనిచోటుకు దీపం బిగించబోయేవారు వాట్లు లెక్కపెట్టే ముందు ఒక పని చేయాలి: చీకటి పడ్డాక తాము రోజూ కూర్చునే చోట కూర్చుని, పని మీద చేయి ఉంచి, నీడ ఎటు పడుతుందో చూడాలి. నీడ పని మీద పడితే దీపం ఎంత పెద్దదైనా చోటు మార్చాల్సిందే.