రాయలవారి కబాయి – 41 ఏళ్ల బాకీ

1984 ఫిబ్రవరిలో మన బడి వార్షికోత్సవానికి ‘భువనవిజయం’ వేసిన సంగతి అప్పటివాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను అప్పుడు పదో తరగతి. నాకు వేషం ఇవ్వలేదు. కుట్టు టీచరమ్మకు సాయం చేసే పని ఒప్పజెప్పారు. ఆ రాత్రి మన రాయలవారు ఎర్ర ముఖమలు కోటు, బంగారు కాగితం అంటించిన అట్ట కిరీటం, కొన పైకి వంకర తిరిగిన చెప్పులు వేసుకొని స్టేజి ఎక్కారు. పెద్దన పాత్రధారికి గండపెండేరం తొడిగారు. చప్పట్లు బాగానే పడ్డాయి.

కాని ఆయన వేసుకోవలసిన బట్టలు అవి కావు. టీచరమ్మ, నేను నెల రోజులు కూర్చుని కుట్టిన తెల్ల మల్లుగుడ్డ కబాయి ఒకటి సగంలో ఆగిపోయి, ఆ రాత్రి కుట్టు గది బీరువాలో మడతపెట్టి ఉంది. బడి వదిలే రోజు టీచరమ్మ దాన్ని పాత న్యూస్ పేపరులో చుట్టి నా చేతికిచ్చి, “మిగిలింది నీ పని పాపా” అన్నారు. అప్పటినుంచి అది మా ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. పెళ్లై అత్తగారింటికి పోయినా, ఉద్యోగంలో ఐదు ఊళ్లు మారినా పెట్టెతో పాటే తిరిగింది. పూర్తి చేయనూ లేదు, పారేయనూ లేదు.

అసలు ఆ కబాయి ఆలోచన పుట్టింది లేపాక్షిలో. అంతకు ముందు ఏడాది సోషల్ సారు మమ్మల్ని వీరభద్రస్వామి గుడికి తీసుకుపోయారు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన గుడి అది. పైకప్పు మీద బొమ్మల్లో విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ పరివారంతో నిలబడి ఉంటారు. అందరూ పొడుగు చేతుల తెల్ల అంగీల్లో, తల మీద నిలువుగా లేచిన టోపీలతో కనిపిస్తారు. టీచరమ్మ మెడ పట్టేసేదాకా తల ఎత్తి చూసి, నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకున్నారు. “రాయలకాలం దొరలు ఇట్లుండేవాళ్లు. మనం సినిమా చూసి కిరీటం పెడుతున్నాం” అన్నారు. వచ్చే ఏడాది రాయలకు ఇదే కుట్టాలని బస్సులోనే నిర్ణయమైంది.

ఆగిపోవడానికి కారణాలు రెండు. వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు రిహార్సల్లో రాయలవారు గండపెండేరం తొడగడానికి వంగి చేతులు ముందుకు చాపగానే రెండు చంకల్లోనూ గుడ్డ పర్రుమని చినిగింది. పిల్లలు పగలబడి నవ్వారు. కత్తిరించింది నేను. మామూలు చొక్కా మాదిరి బ్రౌన్ పేపరు మీద గీసి కత్తిరించాను. అది ఒక కారణం. రెండోది, చూడవచ్చిన పెద్దమనిషి ఒకరు కుళ్లాయిని చేత్తో ఎత్తి, “రాయలవారికి సాయిబుల టోపీ పెడతారా?” అని అడిగారు. ఎవరికీ జవాబు తోచలేదు. చినిగింది కుట్టుకోవచ్చు, ఆ మాటను కుట్టడానికి మా దగ్గర దారం లేదు. ముఖమలు కోటు అద్దెకు వచ్చింది.

ఈ ఏడాది స్వర్ణోత్సవ కమిటీ మీటింగులో, అదే ‘భువనవిజయం’ ఇప్పటి పిల్లలతో వేయిద్దామని అనుకున్నప్పుడు, నేను ఆలోచించకుండా “రాయల బట్టలు నేనిస్తా” అనేశాను. చేతిలో మూడు వారాలు. కబాయి, కుళ్లాయి అని చెప్పగానే మన బ్యాచ్‌మేటే ఒకరు 41 ఏళ్ల నాటి ప్రశ్నే మళ్లీ వేశారు. మాటలు కూడా దాదాపు అవే. ఈసారి నేను ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పిన దాన్ని. అక్కడ రెండు ముక్కల్లో చెప్పింది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

కబాయి అనే మాట అరబ్బీ ‘కబా’ నుంచి వచ్చింది. కుళ్లాయి పారశీక ‘కులాహ్’ నుంచి వచ్చింది. మాటలూ బట్టలూ రెండూ బయటివే. అయితే ఇవి రాయలకు ఎవరో బలవంతాన తొడిగినవి కావు, ఆయన కాలంలో కొత్తగా వచ్చినవీ కావు. 1443లో హీరాత్ నుంచి షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరం వచ్చాడు. రెండో దేవరాయలు జైతూనీ పట్టు కబా తొడుక్కొని, మెడలో ముత్యాల హారంతో కొలువుదీరి ఉండగా చూశానని రాసుకున్నాడు. అదే దేవరాయల దర్శనం కోసం మన శ్రీనాథుడు పడ్డ పాట్లు తెలిసినవే. కుళ్లాయీ కూర్పాసమూ తొడుక్కున్నా దర్శనం దొరకలేదని విసుక్కున్న చాటువు ఒకటి ఆయన పేరు మీద చెప్పుకుంటారు. అంటే కృష్ణదేవరాయలు పుట్టకముందే, ఆ కొలువులోకి పోవాలంటే కవిసార్వభౌముడికైనా ఆ టోపీ తప్పలేదన్నమాట.

ఇక రాయలవారి సంగతి. 1520 ప్రాంతంలో ఆయన్ను కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణన రాబర్ట్ సూయల్ 1900లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. దాని ప్రకారం రాజు తెల్లబట్టలు కట్టాడు. వాటి నిండా బంగారు గులాబీలు కుట్టి ఉన్నాయి. మెడలో వజ్రాల పట్టెడ, తల మీద జరీగుడ్డ టోపీ. కాళ్లకు చెప్పులు లేవు. రాజు ఉన్న చోటికి ఎవరైనా వట్టి కాళ్లతోనే పోవాలట. తర్వాత అచ్యుతరాయల కాలంలో ఉన్న గుర్రాల వర్తకుడు నూనిజ్ ఆ టోపీల పేరు కూడా రాశాడు. ఆయన చెవికి అది ‘కులాయి’ అని వినపడింది.

ఎందుకు తొడిగారు? విజయనగరం బతుకంతా గుర్రాల మీద, రేవుల మీద, రాయబారాల మీద నడిచింది. హొర్ముజ్ నుంచి గుర్రాలు రావాలి. బహమనీల తోనూ, ఆ తర్వాత బీజాపూరు, గోల్కొండ సుల్తానుల తోనూ ఒకరోజు యుద్ధం, మరొకరోజు సంధి. ఆ లోకంలో కొలువులో నిలబడే మనిషి ఎట్లా ఉండాలో ఒక పద్ధతి ఏర్పడింది. ఆ పద్ధతిలో తామూ ఎవరికీ తీసిపోమని చెప్పుకోవడానికి రాయలు కబాయి తొడిగారు. మొదటి బుక్కరాయల కాలంనుంచే వాళ్లకు ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు ఉంది. సురత్రాణుడంటే సుల్తాను, మాటకే సంస్కృతం తొడుగు తొడిగారు. మతం మారలేదు, గుళ్లకు దానాలు ఆగలేదు. ఫిలిప్ వాగనర్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1996లో ఈ బట్టలు, బిరుదుల మీదే ఒక వ్యాసం రాసి ఈ విషయం తేటతెల్లం చేశాడు.

ఇందులో అర్థం కానిదేమీ లేదు. మన హెడ్మాస్టరుగారు బడికి ప్యాంటు షర్టుతో వచ్చేవారు. సత్యనారాయణ వ్రతానికి పట్టుపంచె కట్టేవారు. ఆయన్ను ఇంగ్లీషు దొర అని మనమెవరమూ అనలేదు కదా. తిరుమలలో మహాద్వారం దాటగానే మంటపంలో రాయలవారు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు చేతులు జోడించి ఉంటాయి. ఈసారి పోయినప్పుడు క్యూలో ఒక్క క్షణం ఆగి చూడండి. స్వామి ముందర కాబట్టి ఒంటి మీద కబాయి లేదు, పంచె కట్టుంది. తల మీద మాత్రం నిలువు కుళ్లాయి అట్లాగే ఉంది. భక్తుడూ ఆయనే, ఆ కొలువుకు రాజూ ఆయనే.

ఇక కుట్టు పని. ట్రంకుపెట్టె తెరిస్తే మల్లుగుడ్డ ముదురు మీగడ రంగుకు తిరిగింది. కుంకుడుకాయ పులుసులో ఒక రాత్రి నానబెట్టి, నీడన ఆరబెట్టాను. మడతలు పడ్డ చోట తప్ప గుడ్డ గట్టిగానే ఉంది. చినిగిన చంకలు మాత్రం ఎట్లా కుట్టినా మళ్లీ అక్కడే పిగిలేటట్టు కనిపించాయి. బస్టాండు వెనక ఉన్న ముసలి దర్జీ మామ దగ్గరకు పట్టుకుపోయాను. ఆయన చూసి నవ్వాడు.

“చొక్కా మాదిరి కోశావు కదమ్మా. దీనికి చౌబగల ఏదీ?”

బగల అంటే చంక, చౌ అంటే నాలుగు. చంక కింద నాలుగు మూలల గుడ్డముక్క ఒకటి వాటంగా తిప్పి కుడితే, చెయ్యి ఎంత లేపినా, ఎంత వంగినా పై గుడ్డ గుంజుకోదు. పాత కుర్తాలు, షేర్వాణీలు కుట్టేటప్పుడు వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నానని చెప్పాడు. పక్కలకు నిలువునా, పైన సన్నంగా కింద వెడల్పుగా ‘కళ్లీలు’ వేయమన్నాడు. 1984లో మేమిద్దరం తల బద్దలు కొట్టుకున్న పని ఆయన పది నిమిషాల్లో కాగితం మడిచి చూపించాడు. అప్పుడూ ఆయన అదే బస్టాండు వెనక ఉండేవాడు. అడగాలని మాకు తోచలేదు.

ఆయన దుకాణంలో కూర్చున్నప్పుడు ఇంకో సంగతి తట్టింది. సూది, కత్తెర సంస్కృతం నుంచి వచ్చినవి. కుట్టు అచ్చతెనుగు. దర్జీ, అస్తరు పారశీకం. జేబు అరబ్బీ. బొత్తాం పోర్చుగీసు, పేస్ మాట్లాడిన భాష అదే. రాయలవారి కబాయి మనది కాదనేవాళ్లు, ముందు తమ చొక్కా జేబూ బొత్తాలూ ఊడదీసి మాట్లాడాలి.

కొత్త మల్లుగుడ్డ రెండు మీటర్లు తెచ్చి, పాతదాని రంగుకు కలవడానికి పలచటి టీ డికాక్షనులో ముంచాను. కళ్లీలకూ చౌబగలకూ అది సరిపోయింది. మెడ దగ్గర చిన్న చీలిక పెట్టి, బొత్తాలు లేకుండా నాడా వేశాను. గులాబీలు ఒళ్లంతా కుట్టే గడువు లేదు. రాత్రికి మూడు చొప్పున పద్నాలుగు రాత్రులు కూర్చుంటే రొమ్ము మీదికీ, అంచుకూ కలిపి 42 వచ్చాయి. స్టేజి దీపాలకు అవి చాలు. పన్నెండో రాత్రి కళ్లద్దాలు పెట్టుకున్నా సూదిలో దారం ఎక్కక, మా ఆయన్ను లేపి ఎక్కించుకున్నాను. కుళ్లాయికి నా పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర చిరిగిన కొంగు కత్తిరించి, లోపల బక్రం పెట్టి నిలబెట్టాను. వంకర కొన చెప్పులు అద్దెకు తెస్తామన్నారు కమిటీవాళ్లు. వద్దన్నాను. రాయలవారు వట్టి కాళ్లతోనే వస్తారు.

మొన్న ఆదివారం, రాయల వేషం వేసే తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని టీచరమ్మ ఇంటికి పోయాను. ఆమెకు 83 ఏళ్లు. చూపు బాగా తగ్గింది. గొంతు గుర్తుపట్టి, “ఇన్నేళ్లకా పాపా?” అన్నారు. కబాయి ఒళ్లో పెట్టుకొని వేళ్లతో అంచునుంచి తడుముకుంటూ పైకి వచ్చారు. గులాబీల దగ్గర ఆగలేదు. చంక దగ్గర ఆగారు. “ఇదేంది, ఇక్కడ కొత్తగా?” అన్నారు. చౌబగల సంగతి చెప్పాను. దర్జీ మామ పేరు చెప్పగానే, “అయ్యో, ఆయన్ను అడిగుంటే అప్పుడే అయిపోయేది” అని చాలాసేపు నవ్వారు. తర్వాత, “వంగితే చినగదు కదా?” అని అడిగారు.

పిల్లవాడు కబాయి తొడుక్కొని, కుళ్లాయి పెట్టుకొని, నేనేమీ చెప్పకుండానే వంగి రెండు చేతులతో ఆమె కాళ్లు ముట్టుకున్నాడు. ఆమె చెవి అటు పెట్టి విన్నారు. చప్పుడేమీ రాలేదు.

ఈ సంచిక మీ చేతికందే రోజు సాయంత్రమే స్టేజి మీద ఆ కబాయి మీరంతా చూస్తారు. అప్పటి మన రాయలవారు బెంగళూరు నుంచి వస్తున్నారు. ఆయన పొట్టకు అది పట్టదు కాబట్టి ముందువరసలో కూర్చుంటారు. టీచరమ్మకు ఆయన పక్కనే కుర్చీ వేయమని కమిటీకి నా మనవి.

విజయనగరం రాజు ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగడని నూనిజ్ రాశాడు. మన బడికి ఆ వైభవం వద్దు. ఉత్సవం అయ్యాక ఈ కబాయిని బడికే ఇచ్చేస్తున్నాను. ఏటా తొడగండి. పక్క కుట్లలో రెండేసి అంగుళాల గుడ్డ లోపలికి వదిలిపెట్టాను. కాస్త లావు రాయలు వచ్చినా విప్పి కుట్టుకోవచ్చు.