మూత్రపిండ వ్యాధిలో వెన్నుపూసల ఫ్రాక్చర్లు

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో, చెప్పుకోదగ్గ దెబ్బేదీ తగలకుండానే వెన్నుపూస నలిగి, ఎత్తు తగ్గి కుంగిపోవడం. ఎక్కువగా వీపు మధ్యలోని పూసలు, ఛాతీ వెన్ను నడుముతో కలిసే చోట ఉండే పూసలు దీనికి లోనవుతాయి. వయసు మళ్లినవారికి వచ్చే మామూలు ఆస్టియోపొరోసిస్‌లోనూ కుంగేవి దాదాపు ఇవే. తేడా ఎముక లోపలి స్థితిలో ఉంది. ఒకే తీరుగా కుంగిన రెండు పూసల్లో ఒకదానిలో ఎముక మితిమీరిన వేగంతో కరిగి మళ్లీ కట్టుకుంటూ ఉండవచ్చు. రెండోదానిలో ఆ పని దాదాపు ఆగిపోయి ఉండవచ్చు. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి మేలు చేసే మందు రెండోదానికి హాని చేయవచ్చు. కిడ్నీ రోగుల ఎముక చికిత్సలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

పేర్లు, తొలి వివరణలు

1883లో లండన్ శస్త్రవైద్యుడు ఆర్. క్లెమెంట్ లూకాస్, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్న కౌమార వయస్కుల్లో ఆలస్యంగా బయటపడే రికెట్స్‌ను లాన్సెట్‌లో వివరించాడు. ఆయన చూసినవన్నీ నేటి అర్థంలో మూత్రపిండ వ్యాధి కేసులేనని చెప్పలేం గాని, ఈ సంబంధాన్ని ఎత్తిచూపిన తొలి రచనగా దీన్నే ఉదహరిస్తారు. రీనల్ ఆస్టియోడిస్ట్రఫీ అనే పేరు పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీకి చెందిన ల్యూ, చూ అనే వైద్యులు పెట్టినది. చాలా పుస్తకాలు దీనికి 1943 అని ఇస్తాయి; అది వారి పెద్ద వ్యాసం ‘మెడిసిన్’ పత్రికలో వెలువడిన సంవత్సరం. అదే పేరును శీర్షికలో పెట్టుకున్న చిన్న నివేదిక 1942లోనే ‘సైన్స్’లో వచ్చింది కాబట్టి 1942ను తీసుకోవడమే సబబు.

2005లో మాడ్రిడ్‌లో జరిగిన, కిడ్నీ వ్యాధులపై మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ కేడిగో సమావేశం ఈ పేరు పరిధిని కుదించింది. మరుసటి ఏడాది వెలువడిన నివేదిక ప్రకారం రీనల్ ఆస్టియోడిస్ట్రఫీ అంటే బయాప్సీలో కనిపించే ఎముక మార్పు మాత్రమే. రక్తంలోని ఖనిజాలు, హార్మోన్ల తేడాలు, ఎముకల జబ్బు, రక్తనాళాల్లో సున్నం పేరుకోవడం, ఇవన్నీ కలిపి ‘ఖనిజ, ఎముక రుగ్మత’ కిందికి వచ్చాయి. ఎముకనూ రక్తనాళాన్నీ ఒకే గొడుగు కిందికి తేవడం ఎంత సమంజసమో వెన్నెముక ఎక్స్‌రే చూసినవారికి వెంటనే తెలుస్తుంది. ఆ సంగతి కింద వస్తుంది.

ఎముకలో జరిగేది

మూత్రపిండాల వడపోత తగ్గడం మొదలైనప్పుడు భాస్వరం వెంటనే పెరగదు. ముందుగా ఎముక కణాల నుంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ ఎక్కువగా విడుదలై, మిగిలి ఉన్న నెఫ్రాన్ల చేత అదనపు భాస్వరాన్ని బయటికి పంపిస్తుంది. అదే హార్మోన్ విటమిన్-డి చురుకైన రూపం తయారీని అణచివేస్తుంది. ఆ తయారీ మూత్రపిండంలోనే జరుగుతుందని 1970లో కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ చూపించారు. చురుకైన విటమిన్ తగ్గాక పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. రక్తపరీక్షలో భాస్వరం ఎక్కువగా కనిపించేది చాలావరకు చివర్లో. అంటే రిపోర్టులో మొదటిసారి గీత దాటిన అంకె కనిపించేనాటికి ఎముకలో మార్పులు మొదలై చాలా కాలమై ఉంటుంది.

పారాథైరాయిడ్ హార్మోన్ ప్రధానంగా ఎముక గట్టి పైపొరను కొరికి, చిల్లులు పడేలా చేస్తుంది. వెన్నుపూస లోపల ఎక్కువగా ఉండేది మెత్తటి జాలీ ఎముక. అక్కడ ఇదే హార్మోన్ ఒక్కోసారి ఎముకను చిక్కబరుస్తుంది కూడా. పూస పై అంచునా కింది అంచునా తెల్లటి పట్టీలు, మధ్యలో పలచటి భాగం కనిపించే ‘రగ్గర్ జెర్సీ’ వెన్నెముక దీని ఫలితమే. రగ్బీ ఆటగాళ్ల చారల చొక్కాను బట్టి ఆ పేరు వచ్చింది. పట్టీ తెల్లగా ఉన్నంత మాత్రాన అక్కడి ఎముక గట్టిదని అనుకోరాదు. తొందరతొందరగా, పొరలు సరిగా అమరకుండా కట్టుకున్న ఎముక అది.

రెండో కొసన నిస్తేజ ఎముక వ్యాధి ఉంది. మధుమేహ రోగులు, వృద్ధులు, కాల్షియం గాని చురుకైన విటమిన్-డి గాని అధికంగా తీసుకున్నవారు దీని వైపు జారుతారు. పారాథైరాయిడ్ హార్మోన్ అతిగా అణగిపోయి, రోజువారీ నడకలో పడే సూక్ష్మమైన పగుళ్లు సైతం బాగుపడవు.

మూడోది ఎముకకు ఖనిజం పట్టకపోవడం. దీనికి చరిత్రలో నిలిచిన ఉదాహరణ 1970ల నాటి ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్. అక్కడి డయాలసిస్ రోగుల్లో ఎముకలు వరుసగా విరగడం, మెదడు దెబ్బతినడం చూసి వైద్యులు డయాలసిస్ నీటిలోని అల్యూమినియాన్ని అనుమానించారు. 1979లో లాన్సెట్‌లో వచ్చిన సర్వే ఈ రెండు జబ్బులనూ నీటితో ముడిపెట్టింది. భాస్వరాన్ని కట్టడి చేయడానికి అప్పట్లో ఇచ్చిన అల్యూమినియం మాత్రలదీ ఇందులో వాటా ఉంది. నీటిని ఆర్‌ఓతో శుద్ధి చేయడం స్థిరపడ్డాక ఈ రకం బాగా తగ్గింది.

వీటికి తోడు రక్తంలో ఆమ్లం పెరగడం, నెఫ్రైటిస్‌కు వాడిన స్టెరాయిడ్లు, త్వరగా ఆగిన బహిష్టులు, కండ క్షీణత ఉంటాయి. డయాలసిస్ కుర్చీలోంచి లేచాక బీపీ పడిపోయి తూలి పడటాన్ని కూడా కారణాల్లో లెక్కించాలి.

ఎంతమందిలో

తుంటి ఎముక విషయంలో లెక్కలు స్పష్టంగా ఉన్నాయి: 2000లో ప్రచురితమైన అమెరికన్ అధ్యయనంలో డయాలసిస్ రోగులకు ముప్పు అదే వయసు సాధారణ జనాభా కంటే సుమారు 4 రెట్లు. వెన్నుపూసల లెక్కలు మాత్రం అధ్యయనాన్ని బట్టి మారతాయి. 1999లో జపాన్‌లో 187 మంది పురుష హీమోడయాలసిస్ రోగులను చూస్తే సుమారు 21 శాతం మందిలో కుంగిన పూసలు కనిపించాయి. 2013లో ఇటలీలో 387 మందిలో ఆ సంఖ్య 55 శాతం. రోగుల తేడా కొంత ఉన్నా, కొలిచే పద్ధతి తేడా కూడా తక్కువేమీ కాదు: ఇటలీ వారు ప్రతి పూసనూ కంప్యూటర్ సాయంతో కొలిచారు. వెతికిన కొద్దీ దొరికే జబ్బు ఇది. సాధారణ జనాభాలో సైతం కుంగిన పూసల్లో మూడింట ఒక వంతే వైద్యుడి దృష్టికి వస్తుందన్నది తరచూ ఉదహరించే అంచనా.

పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువ ఉంటే ముప్పా, తక్కువ ఉంటే ముప్పా అన్నదానిపై అధ్యయనాలు ఏకీభవించవు. పై జపాన్ పరిశీలన తక్కువ స్థాయినే తప్పుపట్టింది. ఇతరులు ఎక్కువ స్థాయిని తప్పుపట్టారు. రెండు కొసలూ ప్రమాదమేనన్న వాదం ఎముకలో జరిగే పనికి బాగా సరిపోతుంది. కేడిగో డయాలసిస్ రోగులకు సాధారణ గరిష్ఠానికి 2 నుంచి 9 రెట్లు అనే విశాలమైన పరిధి ఇవ్వడం వెనుకా, ఒక్క రిపోర్టును కాక వరుస రిపోర్టుల పోకడను చూడమనడం వెనుకా ఈ ఆలోచనే ఉంది.

గుర్తించడం

డయాలసిస్‌కు వచ్చిన ప్రతిసారీ రోగి బరువు చూస్తారు. ఎత్తు చూడటం అరుదు. ఎత్తు తగ్గడం, గూని పడటం, గోడకు వీపు ఆనించి నిలబడితే తల వెనుకభాగం గోడకు తగలకపోవడం, ఇవి ఖర్చులేని ఆనవాళ్లు. వీటిని అడిగి, చూసి రాసుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది. నొప్పి లేనంత మాత్రాన పూస కుంగలేదని అనుకోరాదు. నొప్పి ఉన్నా, గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం వల్లనేనని సరిపెట్టేస్తారు.

పక్కనుంచి తీసిన ఎక్స్‌రే ఈ విషయంలో అన్నిటికంటే ఉపయోగకరం. పూస ముందు, మధ్య, వెనుక ఎత్తులను పోల్చి చూస్తారు. 1993 నాటి జెనంట్ పద్ధతిలో 20-25 శాతం తగ్గుదల మొదటి తరగతి, 25-40 రెండోది, 40 దాటితే మూడోది. అదే ఫిల్మ్‌లో నడుము పూసలకు ముందు, బృహద్ధమని గోడ వెంబడి సున్నపు గీతలు కనిపిస్తే రక్తనాళాల స్థితి కూడా తెలిసినట్టే. ఒకే ఫిల్మ్ రెండు జబ్బుల సంగతీ చెబుతుంది.

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షకు ఇదే సున్నం అడ్డు వస్తుంది. ఎదురుగా తీసినప్పుడు ధమనిలోని సున్నం, పూసల అంచున పెరిగిన ఎముక ముళ్లు కలిసి సాంద్రతను ఉన్నదానికంటే ఎక్కువ చూపుతాయి. అందువల్ల తుంటి కొలత ఎక్కువ నమ్మదగినది. 2009లో కేడిగో, మూడో దశలోనూ ఆపై దశల్లోనూ ఖనిజ, ఎముక రుగ్మత ఆనవాళ్లు ఉన్నవారికి ఈ పరీక్ష మామూలుగా వద్దంది. రోగులను ముందునుంచీ వెంబడించి చూసిన అధ్యయనాల్లో సాంద్రత ఫ్రాక్చర్లను సూచించగలదని తేలాక, ఫలితం చికిత్సను మార్చేదైతే చేయవచ్చని 2017లో సవరించింది. ఎముక లోపలి వేగం గురించి తుది మాట తుంటి పైఅంచు నుంచి తీసే బయాప్సీదే. దానికి ముందు టెట్రాసైక్లిన్‌ను రెండు విడతలుగా ఇస్తారు; ఎముకలో పడిన రెండు మెరిసే గీతల మధ్య దూరమే కట్టుబడి వేగాన్ని చెబుతుంది. ఈ సౌకర్యం ఉన్న ఆసుపత్రులు తక్కువ.

ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో

తెలుగు ప్రాంతాల్లో ఈ నిర్ధారణకు మరో చిక్కు ఉంది. నీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి వివరించిన 1937 నాటి వ్యాసం నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గురించినదే. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సిద్ధిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో ఎముకలో నిలిచిపోయేది పోగా మిగతాది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అవి దెబ్బతింటే అదే నీటితో ఎముకకు చేరే పాలు పెరుగుతుంది. 1972లో అమెరికాలో మూత్రపిండ వైఫల్యం ఉన్న ఇద్దరు రోగుల్లో, నీటిలో మోస్తరు ఫ్లోరైడ్‌తోనే ఎముకల ఫ్లోరోసిస్ వచ్చినట్టు నివేదించారు.

ఫ్లోరోసిస్ వెన్నెముక ఎక్స్‌రేలో సుద్దలా తెల్లగా ఉంటుంది. రగ్గర్ జెర్సీలో అంచులే తెలుపు. ఇక్కడ పూస మొత్తం తెలుపే, స్నాయువులూ సున్నం పట్టి ఉంటాయి. అనుమానం తీరకపోతే ముంజేతి ఎక్స్‌రే తీయడం మంచిది: రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనిపిస్తే ఫ్లోరైడ్ వైపే మొగ్గాలి. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండవచ్చన్నది మరవకూడదు. ఫ్లోరోసిస్ ఉన్నచోట ఎముక ఎప్పుడూ చిక్కగానే ఉంటుందనీ కాదు: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో రాసిన వ్యాసం ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగినవారిలో ఆస్టియోపొరోసిస్‌ను చూపింది. అధిక సాంద్రతతోనే బలం రాదనడానికి గట్టి రుజువు 1990 నాటి అమెరికన్ ప్రయోగంలో ఉంది: సోడియం ఫ్లోరైడ్ తీసుకున్న ఆస్టియోపొరోసిస్ స్త్రీలలో నడుము పూసల సాంద్రత 4 ఏళ్లలో 35 శాతం పెరిగింది, పూసలు కుంగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

తెలుగు నేలపైనే కిడ్నీ జబ్బుకు పేరుపడిన మరో చోటు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ వ్యాధిపై సాగిన పరిశోధన ఎక్కువగా కారణాన్వేషణే. ఎముకల వైపు నుంచి చూసిన రచనలు స్వల్పం.

ఫ్రాక్చర్‌గా పొరబడేవి

ఏళ్ల తరబడి డయాలసిస్‌లో ఉన్నవారికి ముఖ్యంగా మెడ పూసలు, వాటి మధ్య డిస్కులు అరిగిపోయే వ్యాధిని 1984లో ఫ్రాన్స్‌లో గుర్తించారు. పేరుకునే అమిలాయిడ్‌లోని ప్రొటీన్ బీటా-2 మైక్రోగ్లోబులిన్ అని 1985లో జపాన్‌లో తేలింది. పారాథైరాయిడ్ అతి చురుకుదనంతో ఏర్పడే బ్రౌన్ ట్యూమర్ కూడా అరుదుగా వెన్నుపామును నొక్కవచ్చు. క్యాథెటర్ ఉన్న రోగికి జ్వరంతో పాటు వెన్నునొప్పి వస్తే ఇన్ఫెక్షన్‌ను ముందుగా అనుమానించాలి.

చికిత్స

భాస్వరం, కాల్షియం, ఆమ్లం, విటమిన్-డి, పారాథైరాయిడ్‌లను సరిదిద్దడం మొదటి మెట్టు. పారాథైరాయిడ్‌ను అణచే మందు సినాకాల్సెట్‌పై 2012లో వెలువడిన ఇవాల్వ్ ప్రయోగంలో ముందే నిర్ణయించుకున్న విశ్లేషణ ఫ్రాక్చర్లలో స్పష్టమైన తగ్గుదల చూపలేదు. తర్వాతి విశ్లేషణలు కొంత మేలు చూపాయి.

ఎముక కరగడాన్ని తగ్గించే బిస్ఫాస్ఫొనేట్లు మూత్రపిండాల ద్వారానే పోతాయి కనుక వడపోత నిమిషానికి 30-35 మి.లీ. కంటే తగ్గినప్పుడు సాధారణంగా వాడరు. వడపోత తక్కువగా ఉన్న స్త్రీలలోనూ అవి పనిచేశాయని చెప్పే ఫలితాలు పాత ఆస్టియోపొరోసిస్ ప్రయోగాల నుంచి తీసినవి. వాటిలో పారాథైరాయిడ్ తేడాలున్న రోగులు దాదాపు లేరు. వాటిని డయాలసిస్ రోగికి అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. అలాగని చివరి దశ రోగులకు ఎముక మందులే వద్దనడం కూడా సరికాదని 2021 నాటి ఐరోపా నిపుణుల ఏకాభిప్రాయ పత్రం వాదించింది. విరిగిన ఎముకతో మంచాన పడిన డయాలసిస్ రోగి గతి తెలిసినవారికి ఆ వాదన బలం అర్థమవుతుంది.

ఎముక కరగడాన్ని తగ్గించే మరో మందు డెనోసుమాబ్‌కు మూత్రపిండాలతో పని లేదు. కాని డయాలసిస్ రోగుల్లో అది కాల్షియాన్ని ప్రాణాపాయ స్థాయికి పడగొట్టగలదు. 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ దీనిపై అత్యున్నత స్థాయి హెచ్చరిక చేర్చింది. ఆరు నెలలకోసారి వేసే ఈ సూదిని ఆపేస్తే వరుసగా పూసలు కుంగే ప్రమాదం ఉంది కాబట్టి, మొదలుపెట్టే ముందే ఎలా ఆపాలో నిర్ణయించుకోవాలి. నిస్తేజ ఎముకలో, ఎముకను కట్టించే మందు టెరిపారటైడ్ వాడకం సహేతుకంగా కనిపిస్తున్నా, ఆధారాలు చిన్న పరిశీలనలకే పరిమితం.

కిడ్నీ మార్పిడి తరువాత రక్తంలోని తేడాలు చాలావరకు సర్దుకుంటాయి. అయితే స్టెరాయిడ్ల వల్ల ఎముక నష్టం మొదటి 6-12 నెలల్లోనే ఎక్కువగా జరుగుతుంది. మార్పిడికి ముందు తీసిన వెన్నెముక ఎక్స్‌రే చేతిలో ఉంటేనే ఏ పూస ఎప్పుడు కుంగిందో పోల్చి చెప్పగలరు.