ఫర్మానాల రాజ్యం: ఏడో నిజాం ఏలుబడి

1911 ఆగస్టు 29న గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్, ఆసఫ్‌జాహీ వంశపు ఏడో నిజాంగా 1948 సెప్టెంబరు 17 వరకు హైదరాబాద్ సంస్థానాన్ని పాలించాడు. 82 వేల చదరపు మైళ్లకు పైబడిన ఆ సంస్థానంలో, 1941 లెక్కల నాటికి కోటిన్నరకు మించిన ప్రజల్లో, దాదాపు సగం మంది తెలుగువారు. పేరుకొక శాసనమండలి ఉన్నా, ప్రజలు ఎన్నుకున్న ఏ సభకూ ప్రభువు జవాబుదారీ కాడు. ఆయన సంతకంతో వెలువడే ఫర్మానా, అంటే రాజాజ్ఞ, అదే చట్టం.

ఈ నిరంకుశత్వం దర్బారు వైభవంలో కన్నా కాగితాల నడకలో స్పష్టంగా కనిపిస్తుంది. 1914లో దివాన్, అంటే ప్రధానమంత్రి, మూడో సాలార్‌జంగ్‌ను తప్పించిన నిజాం, ఐదేళ్లపాటు ఆ పదవిలో ఎవరినీ నియమించకుండా సర్వాధికారాలనూ తన చేతిలోనే ఉంచుకున్నాడు. 1919లో సర్ అలీ ఇమామ్ అధ్యక్షతన బాబ్-ఎ-హుకూమత్ అనే కార్యనిర్వాహక మండలి ఏర్పడిన తరువాత కూడా, ముఖ్యమైన ప్రతి ప్రతిపాదనా అర్జ్‌దాష్త్, అంటే ప్రభువుకు సమర్పించే విన్నపపత్రం, రూపంలో నిజాం నివాసమైన కింగ్‌కోఠీకి చేరవలసిందే. అక్కడ ఆమోదం పొందితేనే అది ఫర్మానాగా మారి, జరీదా అనే రాజపత్రంలో అచ్చయ్యేది.

సమర్థుడైన అధికారి విన్నపం ప్రభువు మనసుకు ఎక్కినప్పుడు ఈ పద్ధతి అసాధారణ ఫలితాలనిచ్చింది. 1917లో అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది వేయగా, ఉన్నత విద్యను ఇంగ్లీషులో కాక ఉర్దూలో బోధించడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ శాస్త్రగ్రంథాలను సిద్ధం చేసింది. 1908 మూసీ వరదల అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల ఫలంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ప్రతిభకు నిలువెత్తు సాక్ష్యం. దాని కాలువల కింద నిజామాబాద్ ప్రాంతంలో చెరకు విస్తరించడంతో 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలిసింది. అయితే ఈ ఘనతనంతా ప్రభువు ఒక్కడికే కట్టబెట్టడం న్యాయం కాదు, ఎందుకంటే ఖజానా నిండింది ప్రధానంగా రైతు కట్టిన శిస్తుతోనే.

ఇంతటి ప్రభువు అధికారానికి పైనా కిందా కూడా హద్దులుండేవి. బ్రిటిషువారి అధీనంలో ఉన్న బేరారు ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని కోరుతూ బ్రిటిషు ప్రభుత్వంతో సమాన హోదాలో వాదించబోయినప్పుడు, వైస్రాయ్ లార్డ్ రీడింగ్ 1926లో రాసిన లేఖ ఆ భ్రమను తుడిచిపెట్టింది: భారతదేశంలో బ్రిటిషు చక్రవర్తిదే పరమాధికారమని, దాని ముందు ఏ సంస్థానాధీశుడూ సమానుడు కాడని అందులోని సారాంశం. ఇక కింది వైపు చూస్తే, సంస్థానపు భూమిలో ఇంచుమించు పదో వంతు సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే భూమి కాగా, మరో మూడో వంతు జాగీర్దార్ల, ఇతర ఇనాందార్ల అధీనంలో ఉండేది. ఖజానాకు నేరుగా శిస్తు కట్టే దివానీ గ్రామాల్లోనూ భూస్వాములైన దేశ్‌ముఖుల మాటే చెల్లింది. వెట్టిని కట్టడి చేసే ఉత్తర్వులు వెలువడినా దొరల గడీల గడప దాటలేదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు కూలి లేకుండా దొర ఇంటికి చాకిరీ చేస్తూనే వచ్చాయి. ఆనకట్టలు కట్టించగలిగిన ఫర్మానా ఊళ్లో వెట్టిని ఆపలేకపోవడమే ఈ పాలనపై మోపదగిన అతి పెద్ద నేరం.

ప్రజల గొంతుకు చోటివ్వడంలోనూ అదే వైఫల్యం. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును సభికులు గేలిచేయడం ఆంధ్రజన సంఘం పుట్టుకకు కారణమైంది. అనుమతి లేని సభలను గస్తీ నిషాన్ 53 అనే ప్రభుత్వ ఉత్తర్వు నిషేధించగా, ఆ ఆంక్షల మధ్యనే సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను నడిపాడు. ఆయన 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దక్కింది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థుల్లో అనేకులు నాగపూర్ విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్యతో రైతుపోరాటం సాయుధరూపం దాల్చింది; నిజాం పాలనను కాపాడతామంటూ ఆయుధాలు పట్టిన రజాకార్ల హింసకు ప్రభువు అడ్డుకట్ట వేయలేదు, 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించిన ఐదు రోజులకే లొంగిపోయాడు.

1950 నుంచి 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా, అంటే రాజ్యాంగాధిపతిగా, వ్యవహరించిన ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న మరణించాడు. 1949లోనే సర్ఫేఖాస్ భూములు ప్రభుత్వంలో విలీనమై, జాగీర్ల రద్దు కూడా జరిగినా, ఆ భూముల హక్కులు ఎవరివనే తగాదాలు హైదరాబాద్ పరిసరాల్లో నేటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి, ఆ వాదప్రతివాదాల్లో నిజాం కాలపు ఫర్మానాలే సాక్ష్యాలుగా దాఖలవుతున్నాయి.